సరోజ టీచర్ తెచ్చిన బొడ్రాయి

మొన్న గ్రాంట్ రోడ్ స్టేషన్ వంతెన మీద, తడి గోనె కప్పిన గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ నన్ను దాటుకుంటూ పోయింది. గంపలో ఏముందో చూడకముందే నా ముక్కు చెప్పేసింది, నానబెట్టిన తునికాకు అని. కాస్త చేదు, కాస్త తీపి, ఎండిన అడవి మీద వాన పడితే వచ్చేలాంటి ఆ వాసనలోనే నేను పుట్టాను, పాలపళ్ళు ఊడగొట్టుకున్నాను, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. వంతెన దిగాల్సినదాన్ని దిగకుండా కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోతే వెనకాల వచ్చేవాళ్ళు "బాజూ హటో మౌసీ" అని విసుక్కుంటూ పోయారు. ఆ వాసన వెంట మా చాలీ, చాలీ వెంట మా నాయనమ్మ, నాయనమ్మ వెంట సరోజ టీచరూ ఆమె చూసొచ్చిన అమెరికా, అన్నీ తోసుకుంటూ వచ్చేశాయి.

బొంబాయిలో కామాటిపురా పేరు చెబితే బయటివాళ్ళకు ఒకటే సంగతి, ఒళ్ళమ్ముకునే గల్లీలే గుర్తొస్తాయి, ఆ తర్వాత మన మొహం వైపు చూడటం మానేస్తారు. ఆ పేటలోనే, ఈ ఊరి గోడలూ వంతెనలూ కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కామాటోళ్ళ కొడుకులూ కోడళ్ళూ మనుమలూ గల్లీల నిండా ఉండేవాళ్ళం. కర్రమెట్ల చాలీ, అంతస్తు పొడుగునా ఒక గ్యాలరీ, గ్యాలరీ పొడుగునా ఖోలీలు, ఒక్కో ఖోలీలో ఒక కుటుంబం, పండక్కి రెండు. పొద్దున నల్లా దగ్గర తెలుగులో మొదలైన కొట్లాట మరాఠీలోకి పోయి, హిందీలో తిట్లు తిట్టుకుని, నీళ్ళు ఆగిపోయేసరికి మళ్ళీ తెలుగులో చల్లబడేది. పిల్లలం మెట్ల మీద కచ్చకాయలు, కింద గల్లీలో లంగడీ, లగోరీ ఆడేవాళ్ళం. వానాకాలం వస్తే కప్పు కారని చోటు వెతుక్కుని అష్టాచెమ్మ గీసుకునేవాళ్ళం. జొన్నరొట్టె, పచ్చిపులుసు మా ఇంటి తిండి, వడాపావు నాన్న కూలి దొరికిన రోజు తిండి, ఆషాఢంలో బోనాలకు బెల్లం వేసి వండిన పాలన్నం మాత్రం గ్యాలరీ గ్యాలరీ అంతా ఒకే రుచి.

మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆడవాళ్ళంతా గ్యాలరీలో వరసగా గోడకు ఆనుకుని, చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలకు కూర్చునేవాళ్ళు. ఆకును రేకు పెట్టి కత్తిరించడం పిల్లల పని, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం పెద్దవాళ్ళ పని. చేతులకు ఊపిరాడదు గాని నోటికీ చెవులకూ పనుండదు. అందుకే బీడీలు చుట్టే చోట చెప్పేవాళ్ళు ఒకరు కావాలి. కథో, పాటో, పక్కింటి గొడవో, ఏదో ఒకటి సాగుతుండాలి. మాట ఆగితే చేతులు మందగిస్తాయని నాయనమ్మ అనేది. ఆ వరసకు నాయనమ్మే పెద్ద. పేరు ఎల్లమ్మ. ఎవరి కట్ట వదులుగా ఉందో చూడకుండానే చెప్పేది, ఎవరింట్లో ఏముందో అడగకుండానే కనిపెట్టేది. నేను బడికి పోలేదు. ఇంటికి ఒకరు చదివితే చాలనుకునే రోజులవి, మా ఇంట్లో ఆ ఒకరు తమ్ముడు. యాభై దాటాక, వార్డులో ఆడవాళ్ళకు పెట్టిన తరగతిలో కూర్చుని నేను అక్షరాలు దిద్దాను గనక ఇదంతా ఇప్పుడు రాయగలుగుతున్నాను. కానీ చరిత్ర పాఠం మాత్రం నాకు చిన్నప్పుడే, తునికాకు కత్తిరిస్తూ చెవుల్లో పడింది.

సరోజ టీచర్ మా పై అంతస్తులో తల్లితో ఉండేది. మున్సిపాలిటీ తెలుగు బడిలో పొద్దుటి పూట పాఠాలు. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. సెలవులు వస్తే చాలు, టిఫిన్ డబ్బా, గొడుగు, సంచీ పట్టుకుని రాయగడ్ అనీ శివనేరి అనీ సింహగడ్ అనీ ఒంటరిగా కోటలెక్కి, మోకాళ్ళు చెక్కుకుపోయి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చేది. "టీచరమ్మకు మొగుడు దొరకలే గని కోటలు మస్తు దొరికినయ్" అని ఆడవాళ్ళు ఆమె ఎదురుగానే అనేవాళ్ళు. "కోటలు వండి పెట్టమనవు అక్కా" అని ఆమె కూడా నవ్వేది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని మా గ్యాలరీ మెట్టు మీద కూర్చుని, ఏ కోటలో ఏ తలుపు ఎటు తెరుచుకునేదో చెబుతుంటే ఆడవాళ్ళు బీడీలు చుట్టేవాళ్ళు. ఆమెకు వినేవాళ్ళు కావాలి, వీళ్ళకు చెప్పేవాళ్ళు కావాలి.

అలాంటి సరోజ టీచర్ ఒక ఎండాకాలం అమెరికా పోయింది. ఇక్కడి టీచర్లను అక్కడికీ, అక్కడివాళ్ళను ఇక్కడికీ పంపే సంఘం ఏదో ఉండేదట. చరిత్ర మీద ఆమె రాసి పంపింది వాళ్ళకు నచ్చిందట. చాలీ మొత్తం ఆమె ప్రయాణానికి పూనుకుంది. ఒకరు ఉన్ని శాలువా, ఒకరు నిమ్మకాయ తొక్కు, మా అమ్మ సర్వపిండి చేసి గుడ్డలో కట్టి ఇచ్చింది. అక్కడ ఒక ముసలి టీచరమ్మ ఇంట్లో ఉండి, ఆమె కారులో ఊరూరూ తిరిగి, పాత ఇళ్ళూ పాత యుద్ధభూములూ చూసి, బడులు తెరిచే వేళకు, మొదటి వానతో పాటే మా సరోజ టీచర్ తిరిగొచ్చింది. ఆమె దగ్గర కెమెరా లేదు. ఆ ముసలి టీచరమ్మే ఫోటోలు తీసి, పుస్తకం అట్టంత పెద్దవి కడిగించి చేతిలో పెట్టింది. ఫిల్ము ఆమె దగ్గరే, సముద్రాల అవతలే ఉండిపోయింది.

ఆ వానాకాలం మా గ్యాలరీలో మధ్యాహ్నాలన్నీ అమెరికావే. మొదట గంట ఫోటో చేతులు మారింది. పెద్ద గంట, నిలువునా పగులు. ఆ దేశం తన రాజు నుంచి విడిపోయిన కాలం నాటిదనీ, దాన్ని చూడటానికి జనం వరసల్లో నిలబడతారనీ టీచర్ చెప్పింది.

"పగిలిన గంటను సూసేటందుకు ఇమానమెక్కి పోయినవా సరోజా?" అంది నాయనమ్మ, చుట్టుతున్న బీడీ మీంచి కళ్ళెత్తకుండానే. "మా ఇంట్ల కూరొండే గంజు పగిలి ఉన్నది. మెట్లు దిగకుండ సూపిద్దును."

"గంజుకు లైను గట్టర్ కదా పెద్దమ్మా."

"నల్లాకాడ పెట్టు. ఎందుకు గట్టరో సూస్త."

మరో రోజు యుద్ధభూమి. పచ్చటి గడ్డి, గడ్డి మీద వరసగా తెల్లటి చిన్న చిన్న రాళ్ళు, ఒక్కో రాయి కింద ఒక్కో కుర్రవాడు. అన్నదమ్ముల్లాంటి వాళ్ళే రెండు పక్షాలై కొట్టుకున్నారని చెబితే, పొలం గట్టు కోసమా అని మా అమ్మ అడిగింది. మనుషులను అమ్ముకోవడం, కొనుక్కోవడం ఉండాలా వద్దా అన్న దాని మీద అని టీచర్ చెప్పింది. మా గల్లీకి రెండు గల్లీల అవతల ఏం జరుగుతుందో తెలిసిన ఆడవాళ్ళు గనక ఆ మాటకు అందరూ ఆకు మీదికి వంగారు. కత్తెర్లు గబగబా ఆడాయి. తర్వాత నాయనమ్మే "ఎవరు గెలిసిండ్రు?" అంది. వద్దన్నవాళ్ళే అని చెప్పాక, "మంచిగైంది" అని మళ్ళీ చాట సర్దుకుంది.

అప్పుడు వచ్చింది రాయి ఫోటో. సముద్రం ఒడ్డున రాతి స్తంభాల మంటపం, దాని కింద గుంటలాంటి చోటు, ఆ గుంటలో ఇసుక మీద ఒక బూడిదరంగు బండ. బండ మీద ఏవో అంకెలు చెక్కి ఉన్నాయి, నడుం మీదుగా అతుకు వేసిన గీత ఉంది. పైన చుట్టూ జనం కమ్మీలు పట్టుకుని వంగి, నోళ్ళు మూసుకుని చూస్తున్నారు. నాయనమ్మ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని చాట పక్కన పెట్టేసింది. పనివేళ ఆమె చాట పక్కన పెట్టడం నేను చూడటం అదే మొదలు.

"ఇది బొడ్రాయి" అంది.

తెలియని వాళ్ళకు చెబుతాను. మా వైపు ఊరు కట్టేటప్పుడు ఊరి నడుమ ఒక రాయి పాతి, పసుపు కుంకుమలు పెట్టి, కల్లో నీళ్ళో సాక పోసి నిలబెడతారు. అది ఊరికి బొడ్డు. ఊళ్ళోకి ఏ కీడు రావాలన్నా ఆ తల్లిని దాటి రావాలి. ఇంత పెద్ద బొంబాయిలో సముద్రముంది, కరెంటు రైలుంది, ఒక్క బొడ్రాయి లేదని, బొడ్డు లేని ఊళ్ళో పిల్లలు ఎట్లా నిలుస్తారని నాయనమ్మ బతికినంత కాలం బెంగపడుతూనే ఉండేది. ఆ పూట వాన దబాయించి రావడంతో అందరూ ఆకు లోపల పెట్టుకునే హడావిడిలో పడ్డారు. ఒక్క రాత్రి దీపం దగ్గర ఉంచుకుంటానని ఆమె అడిగితే, తను చెప్పినవాటిలో ఒకటైనా పెద్దమ్మ మనసుకు పట్టిందని టీచర్ మురిసిపోయి ఇచ్చేసింది.

తెల్లారేసరికి అమెరికా బండ మా దేవుడి గూట్లో ఉంది. ఫోటో నిండా పసుపు, అంకెల మీద వరసగా కుంకుమ బొట్లు, పైన వేపమండ, ముందు కొట్టిన కొబ్బరికాయ. మా గ్యాలరీ ఆడవాళ్ళంతా పనికి కూర్చునే ముందు వచ్చి మొక్కి పోయారు.

చిక్కు బుధవారం వచ్చింది. ఆ ఆదివారం నాగ్‌పాడా దగ్గరి హాల్లో బడుల పెద్ద సాహెబ్‌ల ముందు, ఆమెను పంపిన సంఘం వాళ్ళ ముందు సరోజ టీచర్ తన ప్రయాణం గురించి మాట్లాడాలి. ఏటా ఒకసారి బడి పిల్లలను ఏదైనా కోట చూడటానికి తీసుకుపోనివ్వమని ఆమె ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. చరిత్ర పీరియడ్‌ను కుట్టుపనికీ గదులు ఊడవడానికీ వాడుకునే బడి అది. ఆదివారం నువ్వు మాట్లాడు, విన్నాక చూద్దాం అన్నారు వాళ్ళు. ఆమె మాటంతా ఆ బండ ఫోటోతోనే మొదలవ్వాలి. అది అడగడానికి కిందికొస్తే నాయనమ్మ గూటికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"కూసున్న తల్లిని లేపుతరా? బోనాలు గానీ."

"బోనాలు ఇంకా రెండు వారాలున్నయి పెద్దమ్మా. నా మాటలు ఈ ఆదివారం."

"నీ మాటలు నోట్లెనే ఉంటయ్ గద, యాడికి పోతయ్?"

టీచర్ కింద కూర్చుని ఓపికగా చెప్పుకొచ్చింది. అది దేవత కాదు, రాయి. ఓడలో వచ్చిన కొందరు జనం ఆ దేశంలో కాలు పెట్టినప్పుడు ఆ రాయి మీద దిగారంటారు, అందుకని దాచుకున్నారు, అంతే. గ్యాలరీలో చాటలన్నీ మా గుమ్మం ముందుకు జరిగాయి.

"ఎందుకొచ్చిండ్రు వాళ్ళు?"

"వాళ్ళ దేవుణ్ణి వాళ్ళ తీరుగ మొక్కుకునేటందుకు. బతికేటందుకు. మొదటి చలికాలానికే సగం మంది పోయిండ్రు పాపం."

"మేం రైలుల వొచ్చినం, వాళ్ళు ఓడల వొచ్చిండ్రు. వలసొచ్చినోళ్ళ కాలు మోసిన రాయి బొడ్రాయి గాక ఏమైతది?"

"దాని మీదనే దిగిండ్రని కూడ గట్టిగ తెల్వదు పెద్దమ్మా. వందేండ్లు దాటినంక ఒక ముసలాయన చెప్పిండు, మా పెద్దలు చెప్పిండ్రని."

"ముసలాయన చెప్పిండు గద. ఇంకేం గావాలె?"

టీచర్ చీరచెంగుతో మొహం తుడుచుకుంది. "పైగా జనం దాన్ని కొంచెం కొంచెం చెక్కుకుని ఇండ్లకు తీస్కపోయిండ్రు. దేవతైతే అట్ల చేస్తరా?"

"ప్రసాదం తీస్కపోరా మరి?"

గ్యాలరీ అంతా కిసుక్కుమంది. టీచర్‌కు పట్టుదల పెరిగింది. చివరి అస్త్రం తీసినట్టు, "వాళ్ళే దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చిండ్రు, ఎడ్లను గట్టి. కదిలియ్యగూడదంటే వాళ్ళెందుకు కదిలిస్తరు?" అంది.

నాయనమ్మ తల ఒక పక్కకు వంచింది. "కదిలిస్తె ఏమైంది?"

సరోజ టీచర్ అబద్ధం చెప్పగల మనిషైతే అక్కడితో అయిపోయేది. ఆమె చరిత్ర టీచరు. "రెండు ముక్కలైంది" అంది.

అప్పుడు లేచిన నవ్వుకు పై అంతస్తు నుంచి టీచర్ వాళ్ళమ్మ కూడా ఏమైందో అని కిందికి వంగి చూసింది. నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. "అడగకుండ లేపిండ్రు, పగిలింది. నువ్వు సదువుకున్న బిడ్డవు, నీకు నేను జెప్పాల్నా?" అంది.

మూడు రోజులు టీచర్ మా గ్యాలరీలో కూర్చోలేదు. బడి నుంచి వచ్చి తిన్నగా మెట్లెక్కి పోయేది, ఆమె చెప్పుల చప్పుడు వింటూ ఆడవాళ్ళు నోరు కదపకుండా బీడీలు చుట్టేవాళ్ళు. మా అమ్మ గొణుగుతూనే ఉంది. "అత్తా, పోరగాండ్లను కోట సూపియ్య దీస్కపోతదంట. మనోడు కూడ ఉన్నడు అండ్ల" అంటే, నాయనమ్మ గూట్లో దీపం వత్తి ఎగదోసింది. నాకు లోపల ఇంకో ఆశ ఉండేది. బడి పిల్లలు పోతే నన్ను కూడా తీసుకుపొమ్మని అడగాలని. అడగడానికి ముందు వాళ్ళు పోవాలి, పోవాలంటే ఫోటో కదలాలి. శనివారం సాయంత్రం బీడీలు సేఠ్ దగ్గర అప్పజెప్పి వచ్చాక నాయనమ్మ నన్ను పైకి పంపింది. "టీచరమ్మను రమ్మను. లేపగూడదన్న గని అడగగూడదన్ననా నేను?"

అడిగి కదిలించడానికి పద్ధతి ఉంది. తల్లిని సంచిలో వేసుకుపోగూడదు, చంకలో పెట్టుకుపోగూడదు. ఇత్తడి పళ్ళెంలో పెట్టి, చుట్టకుదురు మీద, నెత్తిన పోవాలి. మోసేవాళ్ళకు చెప్పులుండగూడదు, కడుపులో మెతుకుండగూడదు. ముందు డప్పు ఉండాలి. "ఇగ తల్లి ఒక్కతే పోదు. మేం గూడ వొస్తం" అంది నాయనమ్మ. టీచర్ సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం అమెరికా బొడ్రాయి మా కర్రమెట్లు దిగింది. నాయనమ్మ నెత్తిన పళ్ళెం, వెనక వేపమండలతో గ్యాలరీ ఆడవాళ్ళు, వాళ్ళ కొంగులు పట్టుకుని మేము, ముందు కింది ఖోలీ మల్లయ్య మామ డప్పు. ఫాక్‌లాండ్ రోడ్డు మీదికి రాగానే వాన అందుకుంది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, కాగితాలు చంకలో ఇరికించుకుని, ఫోటో ఎక్కడ తడిసిపోతుందోనన్న కంగారులో సరోజ టీచర్ తన గొడుగు తీసి పళ్ళెం మీద పట్టింది. తను మొత్తం తడుస్తూ నాయనమ్మ అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. "సూసినవా, మొన్నటిదాక రాయన్నది. ఇయ్యాల గొడుగు వడుతుంది" అని మా వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాగ్‌పాడాలో వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన నిప్పురవ్వలు ఆపి, దారికి అడ్డంగా ఉన్న చేతిబండిని తనే పక్కకు లాగి, "కౌన్‌సీ దేవీ హై అమ్మా?" అని అడిగాడు. "అమెరికావాలీ" అంది నాయనమ్మ, ఆగకుండానే. ఆయన తల ఊపి మళ్ళీ అద్దాలు పెట్టుకున్నాడు.

హాల్లో కుర్చీలున్నాయి. మావాళ్ళు కుర్చీల ముందు నేల మీద, గ్యాలరీలో కూర్చున్న వరసలోనే కూర్చున్నారు. డప్పు బయట ఆగింది, పళ్ళెం బల్ల మీదికి చేరింది. నడుమ కూర్చున్న పెద్ద సాహెబ్ పళ్ళేన్ని, తడిసి ముద్దయిన టీచర్‌ను మార్చి మార్చి చూసి, ఈ ఫోటోకు పసుపెందుకని మరాఠీలో అడిగాడు. టీచర్ చేతిలో కాగితాలు బల్ల మీద బోర్లించి, పొద్దున ఇంట్లో అద్దం ముందు చదువుకున్నదంతా వదిలేసి, జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఓడ చెప్పింది, చలికాలం చెప్పింది, ముసలాయన మాట చెప్పింది, మా గుమ్మం ముందు తను ఒక్కో మెట్టూ ఓడిపోవడం చెప్పింది. కదిలిస్తే రెండు ముక్కలైందన్న చోటికి రాగానే నేల మీంచి నాయనమ్మ గొంతు లేచింది. "మీ తిలా సాంగిత్లం హోతం." నేను దానికి ముందే చెప్పిన, అని. హాలు హాలంతా నవ్వింది. పెద్ద సాహెబ్ అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు ఆగాక టీచర్ మెల్లగా అంది. "నేను ఆ రాయి ముందు నిలబడినప్పుడు అంకెలు చదివాను, తిరిగొచ్చాను. మా పెద్దమ్మ చూసి, వీళ్ళు ఎందుకొచ్చారు అని అడిగింది. నా పిల్లలు కూడా ఒక కోట ముందు నిలబడి అలా అడగాలని నా కోరిక." అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు.

ఆ చలికాలం బడి పిల్లలు రాయగడ్ పోయారు. రిజిస్టర్‌లో పేరు లేని నేను కూడా పోయాను. బస్సులో టీచర్ పక్కనే కూర్చుని దారంతా కక్కుకుని, పైకెక్కాక గాలికి పావడా ఎగిరిపోతుంటే రెండు చేతులా పట్టుకుని, ఇక్కడ నీళ్ళు ఎట్లా తెచ్చుకునేవాళ్ళని అడిగాను. సరోజ టీచర్ నన్ను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేసింది. ఫోటో మాత్రం ఆమె మళ్ళీ అడగలేదు. ఏటా ఆషాఢంలో కిందికి దిగొచ్చి, చేతులు కట్టుకుని గూటి ముందు నిలబడి పోయేది. మొక్కేదో లేదో మాకు తెలియదు.

నాయనమ్మ పోయింది. రిటైరయ్యాక కూడా మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని కోటలెక్కిన సరోజ టీచరూ పోయింది. ఆ తెలుగు బడి మూతపడి చాలా కాలమైంది. నా మనుమలకు తెలుగు అర్థమవుతుంది గాని జవాబు మరాఠీలో ఇస్తారు. మధ్యాహ్నం గ్యాలరీలో కత్తెర్ల చప్పుడు, ఆ చప్పుడు మీద తేలే ఒక గొంతు ఎట్లా ఉండేవో వాళ్ళకు చేసి చూపించలేను. పోయినేడు మా చాలీ కూల్చడానికి అందరినీ ఖాళీ చేయించారు. సామానంతా టెంపోలో పోయాక, గూట్లోని తల్లి కోసం నేనొక్కదాన్నే మళ్ళీ మెట్లెక్కాను. పై అంతస్తులో అప్పటికే గునపాలు పడుతున్నాయి. కూల్చేవాళ్ళ మాటలు చెవిన పడగానే తెలిసింది, వాళ్ళు పాలమూరు కూలీలు.

గూట్లోంచి ఫోటో తీసి పళ్ళెంలో పెట్టి, చెప్పులు విడిచి, చుట్టకుదురు సర్దుకుని గ్యాలరీలోకి వచ్చేసరికి, మెట్ల మీద ఇటుకలు దింపుతున్న నడివయసు మనిషి ఒకతను నన్ను చూసి తట్ట దించాడు. పైకి తలెత్తి, "ఆపుండ్రి, ఆపుండ్రి" అన్నాడు. గునపాలు ఆగాయి.

"ఏ తల్లవ్వా?"

"బొడ్రాయి నాయినా. అమెరికాల నుంచి వొచ్చింది."

అతను ఆశ్చర్యపడలేదు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి భుజాన వేసుకుని, దుమ్ము అణచడానికి నింపి పెట్టుకున్న డ్రమ్ములోంచి చెంబెడు నీళ్ళు ముంచుకొచ్చి, బోనమెత్తిన ఆడమనిషికి పోసినట్టు నా కాళ్ళ మీద పోశాడు.

"దూరం కెల్లి వొచ్చింది గద" అన్నాడు. "మెట్లు పైలం, సూసి దిగు."